గునుగు పువ్వుకు మూడు కొమ్ములు

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పడం మీద ఒక పంతులమ్మ రాసిన పుస్తకం ఇది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బడుల్లో తాను పిల్లలతో ఆడించి చూసినవే ఆమె ఇందులో రాసింది. ఆడించకుండా ఊహించి రాసింది ఒక్కటీ లేదు. నేను దీన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం అదే.

మన దగ్గర అక్షరానికి గౌరవం తక్కువేమీ కాదు. పిల్లల వేలు పట్టి బియ్యంలో రాయించడానికి ఎక్కడెక్కడి తల్లిదండ్రులో బాసరకు వస్తారు. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. ఇంత భక్తి, ఇంత చరిత్ర ఉన్నచోట కూడా అక్షరాభ్యాసం మర్నాటి నుంచి పిల్లవాడికి మిగిలేది పలక మీద ‘అ’ దిద్దడమే. బలపం అరిగిపోతుంది. ఆ గీతకూ తన నోటి మాటకూ ఉన్న సంబంధం మాత్రం వాడికి ఎవరూ చూపించరు.

ఈ పుస్తకం ఆ సంబంధాన్నే చూపిస్తుంది. పూల పాఠం చూడండి. బతుకమ్మ రోజుల్లో పిల్లలు గునుగు, తంగేడు కోసుకొస్తారు. చప్పట్లు కొడుతూ ‘గు-ను-గు’ అని పలుకుతారు. నేల మీద గ, న, గ అని రాసిన మూడు చీటీలుంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు చదివితే ‘గనగ’ అవుతుంది, పిల్లలు పగలబడి నవ్వుతారు. తంగేడు రేకులను వంచి ఒక్కో చీటీకి ఒక్కో కొమ్ము తగిలిస్తే పువ్వు పేరు వస్తుంది. కొమ్ము ఏం చేస్తుందో పిల్లలకు అక్కడే తెలిసిపోతుంది. గుణింతాన్ని నెలల తరబడి వల్లె వేసి, దానితో ఒక్క మాటా చదవలేక నిలబడిపోయే పిల్లలను చూసిన ఉపాధ్యాయులకు ఈ పాఠం విలువ నేను చెప్పనక్కర్లేదు.

వ, మ లాంటి పోలిక అక్షరాలకు చింతగింజల ఆట, విన్న అక్షరం ఉన్న గడిలోకి గెంతే తొక్కుడుబిళ్ల కూడా బాగున్నాయి. అయిదేళ్ల పిల్లల వేళ్లకు బలపం ఇంకా లొంగదు. గింజలు పేర్చుతుంటే ఆ ఒంపులు ముందు వేళ్లకు తెలుస్తాయి.

ఆదిలాబాద్ అధ్యాయం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లకు బడిలో తెలుగు మాట, తెలుగు అక్షరం రెండూ ఒకేసారి కొత్త. ఈ సంగతి మనకు ఇప్పుడు తెలిసింది కాదు. నిజాం కాలంలో, 1943లో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కొలామీ సహా 8 గిరిజన భాషల్లో బోధనకు పూనుకున్నారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇన్ని జరిగినా ‘ఏ’ నేర్పాలంటే మన గోడ పటాల మీద ఏనుగు బొమ్మే. ఈ పంతులమ్మ మాత్రం కుండెడు నీళ్లు ముందు పెట్టి ఇదేమిటని అడుగుతుంది. పిల్లలు ‘ఏర్’ అంటారు. అక్కడి నుంచి ‘ఏ’ మొదలవుతుంది. తన ఇంటి మాట బడిలో చెల్లుతుందని తెలిసిన పిల్ల మర్నాడు పిలవకుండానే వస్తుంది.

2022లో సర్కారు బడుల్లోకి తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక చదవడం, రాయడం మీద శ్రద్ధ పెరిగింది, మంచిదే. పట్టికలు నింపే తొందరలో ఆటను పక్కన పెడితే మాత్రం ఆ శ్రద్ధ పిల్లల దాకా చేరదు.

రచయిత్రికి పెద్దవాడిగా రెండు మాటలు. అమ్మా, కొలామీ మాటలు ఇందులో మరీ తక్కువ. మలి ముద్రణకు కొలాం గూడేల తల్లులను కూర్చోబెట్టి అడుగు. ఋ, ౠల ఆటలు రెండో తరగతికి జరుపు, ఒకటో తరగతిలో వాటికి తొందర లేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతికివ్వండి. పేజీలు చిరిగితే ఇంకో ప్రతి తెప్పించుకుందాం.