మీనముద్ర

సముద్రజీవులను గూర్చి పసివారికి బోధింపబూనిన ఉపాధ్యాయుడు సాధారణముగా నల్లబల్లపై కోడిగ్రుడ్డువంటి ఆకారము నొకదానిని, దాని వెనుక నొక త్రికోణమును గీచి ఇది చేప యని చెప్పును. పిల్లలు దానినే నేర్చికొని, ఆ పిమ్మట ఎన్ని విధములైన చేపలను చూచినను ఆ యొక్క బొమ్మనే గీయుచుందురు. చేపయే తన రూపమును తాను లిఖించుకొనునట్టి విద్య యొకటి జపాను దేశమున కలదు. చేప మేని ముద్రను కాగితముపై తీయు ఆ విద్యను గ్యొతాకు అందురు.

ఇప్పటికిని నిలిచియున్న ముద్రలలో ప్రాచీనతమమైనది 1839 నాటిది. ఆ దేశపు షోనాయి సంస్థానమున గాలపువేట సమురాయి యోధుల శిక్షణలో భాగముగా నెన్నబడెడిది గనుక, అచ్చటివారు తాము పట్టిన మేలైన చేపల ముద్రలను తీసి భద్రపఱచుకొనిరి. ముద్ర చేప పరిమాణమును పెంచదు, తగ్గింపదు. ఈ కళకు ప్రాణము ఆ సత్యనిష్ఠయే.

విధానము రెండు తెఱగులు. తడికాగితమును చేపపై అంటించి, పట్టుగుడ్డలో చుట్టిన దూదియుండతో పైనుండి రంగు నద్దుట యొకటి. అది మిక్కిలి సున్నితమైనది, పసివారి ఓర్పునకు మించినది. చేపకే సిరా పూసి ముద్ర తీయు రెండవ తెఱగే తరగతిగదికి తగినది. మొదట మేనినంటిన జిగురును ఉప్పుతో రుద్ది కడిగి, తడి లేకుండ తుడువవలెను. జిగురు మిగిలినచో సిరా పొలుసులకు పట్టదు. మొప్పలనుండి నీరూరి కాగితమును పాడుచేయకుండ అచ్చట దూది కుక్కి, వాజములను విప్పి వాని క్రింద బంకమట్టి నుంచి నిలుపవలెను. సిరా పలుచగా పూయవలెను. చిక్కనైనచో పొలుసులన్నియు కలిసి నల్లనిమచ్చ యగును. పలుచని కాగితమును కదలకుండ పఱచి, నడుమనుండి అంచులకు వ్రేళ్లతో మెల్లగా నొత్తి, తలవైపునుండి పైకెత్తవలెను. కన్నును మాత్రము విడిచిపెట్టి, పిదప కుంచెతో దిద్దుదురు.

వాజమును విప్పిన బాలుడు ముందున్న ముండ్లు గట్టివనియు, వెనుకటి కాడలు మెత్తనివనియు వ్రేళ్లతోనే తెలిసికొనును. మొప్పకప్పునుండి తోకవఱకు సాగిన పార్శ్వరేఖ ముద్రలో కనబడినప్పుడు, నీటి కదలికలను చేప గ్రహించునది దానితోనే యని గురువు చెప్పినచో ఆ మాట మఱపురాదు. కానాగంత తోక లోతుగా చీలియుండును, పండుగప్ప తోక గుండ్రముగా నుండును. దూరము వడిగా నీదు చేపకును, పొంచియుండి యొక్క పెట్టున ఎరపై బడు చేపకును గల భేదము ఆ రెండు ముద్రలను ప్రక్కప్రక్కల నుంచినంతనే తేటపడును. నాలుకచేప ముద్రలో రెండు కన్నులును ఒకే ప్రక్కన నుండుట చూచి పిల్లలు అడుగు ప్రశ్నలు ఒక పూట పాఠమునకు చాలును. అంగడులలో దొరకు రబ్బరు చేపలతోను ఈ పని జరుగును గాని, వానిలో నీ వైవిధ్యము లేదు. నిజమైన చేప దొరకు ఊళ్లలో వాని జోలికి పోరాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ ముద్రలు శాస్త్రమునకును ఆధారములైనవి. గాలపుసామగ్రి దుకాణములు మొదలగు చోట్లనున్న 261 ముద్రలను జపాను పరిశోధకులు పరిశీలించి, అచ్చటచ్చట పూర్వము సంచరించిన చేపల వివరములను సేకరించి 2020లో ప్రకటించిరి. ముద్రప్రక్కన తేదీ, స్థలము వ్రాసియుండుటచేతనే అది సాధ్యమైనది. కావున పిల్లలచేతను ఆ రెండును తప్పక వ్రాయింపవలెను.

విశాఖ మొదలుకొని నెల్లూరు వఱకు గల తీరగ్రామముల ఉపాధ్యాయులారా! ముద్రకొఱకై చేపను చంపనక్కఱలేదు. రేవునకు వచ్చిన వానిలో నొకదానిని కొని తెండు. రంగు పూసిన చేపను మాత్రము వంటకు వాడకుడు. పిల్లలు తీసిన ముద్రలను పారవేయక, ఏటేట బడిలోనే దాచియుంచుడు.