జనాన్ని నడిపించే విద్య

కార్తీక శుద్ధ ఏకాదశి దగ్గరపడుతుందంటే బందరు పక్కన చిలకలపూడిలో రంగులరాట్నం కంటే ముందు దిగాల్సినవి సరుగుడు బాదులు. వాటిని ఎక్కడ పాతాలి, వరుసను ఎన్ని మలుపులు తిప్పాలి, చెప్పుల స్టాండు గుడికి ఎంత ఎడంగా ఉండాలి, కొబ్బరికాయలు కొట్టే చోటు ఎటువైపు పెట్టాలి, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే మైకు పందిరి ఎక్కడ వెయ్యాలి అన్నవి తేలితేగాని తిరునాళ్ళ సాగదు. ఈ నిర్ణయాలు సరిగ్గా కుదిరితే వచ్చినవాళ్ళెవరూ వాటిని గమనించరు. కుదరకపోతే మటుకు ఊరంతా చెప్పుకుంటుంది.

అమ్యూజ్‌మెంటు పార్కులు కట్టేవాళ్ళు ఈ పనినే ఒక శాస్త్రంగా పెంచారు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచిన దగ్గర్నుంచి, మనిషి ఏ గేటులో అడుగుపెట్టాలి, మొదట ఏది చూడాలి, క్యూలో నిలబడినంతసేపూ ఏం చేస్తుండాలి అన్న వాటిమీద లెక్కలు కడుతూనే ఉన్నారు. కృష్ణా డెల్టా దిగువన అంతటి పార్కేదీ లేదు. కానీ చిలకలపూడి, మోపిదేవి, హంసలదీవి, పెదకళ్ళేపల్లి తిరునాళ్ళలో ఆ పని పేరు లేకుండానే ఏళ్ళ తరబడి జరుగుతోంది. జనాన్ని నిలబెట్టడం ఎవరైనా చేస్తారు, రెండు తాళ్ళూ నలుగురు కానిస్టేబుళ్ళూ చాలు. నడిపించడానికి విద్య కావాలి.

ద్వారం ఎక్కడ మొదలవుతుంది?

తిరునాళ్ళ గుడి ముందు మొదలవదు. గుడివాడ జంక్షన్‌లో రైలు మారేటప్పుడు, బస్టాండులో ఆర్టీసీ బస్సు అద్దానికి ‘తిరునాళ్ళ స్పెషల్’ అన్న అట్టముక్క కనబడినప్పుడు మొదలవుతుంది. ఊరి మొగలో అరటి బోదెలు, మామిడి తోరణాలు, సీరియల్ బల్బుల ఆర్చి వస్తాయి. అక్కడినుంచి ఇరువైపులా గాజుల కొట్లు, చిలకలపూడి రోల్డుగోల్డు నగల దుకాణాలు, మిఠాయి అంగళ్ళు. ఆ తరవాతే గోపురం. పొలం గట్టు మీదినుంచి ఇంటి గుమ్మం దాకా మనసులో ఉన్న లోకం ఒక్కో మెట్టు వెనక్కి జరిగి, ఇంకో లోకం ముందుకొస్తుంది.

డిస్నీ పార్కులో జరిగేదీ ఇదే. చుట్టూ మట్టికట్ట పోసి బయటి రోడ్లు కనబడకుండా చేశారు. లోపలికి రాగానే ఒకే ఒక వీధి, దాని చివర కోట. వీధిలోని మేడల పై అంతస్తుల్ని కింది అంతస్తుల కంటే చిన్న కొలతలో కట్టారు కాబట్టి అవి ఉన్న ఎత్తు కంటే పొడుగ్గా కనబడతాయి. ఎటు పోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, కోటే లాక్కుపోతుంది.

మన దక్షిణాది శిల్పులు మరో ఎత్తు వేశారు. పెద్ద ఆలయాల్లో బయటి గోపురం ఆకాశమంత, లోపలివి క్రమంగా చిన్నవి. ఎండలోంచి మంటపం నీడలోకి, అక్కణ్ణుంచి అంతరాళం మసకలోకి, చివరికి ఒక్క దీపం వెలిగే గర్భగుడిలోకి నడక. దూరాన ఉన్నవాణ్ణి పిలవడానికి ఎత్తు, దగ్గరికొచ్చినవాణ్ణి నెమ్మదింపజెయ్యడానికి చీకటి. అడుగు వేగం దానంతటదే తగ్గుతుంది, గొంతులూ తగ్గుతాయి.

ఇదే సీమలో, మొవ్వ పక్కనున్న కూచిపూడిలో, ప్రవేశాన్ని ఇంకో రకంగా సాధించారు. భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ప్రవేశ దరువు మొదలవుతుంది. తెర మీదుగా ముందు ఆమె జడ వచ్చి పడుతుంది, మనిషి తరవాత. జనం మెడలు చాచి చూసే ఆ కాసేపూ ప్రదర్శనలో భాగమే. పార్కుల్లో ఆట మొదలయ్యే ముందు ఒక గదిలో కథ చెప్పి, తలుపు ఆలస్యంగా తీసే పద్ధతిని కొత్త అనుకునేవాళ్ళు ఒకసారి కూచిపూడి తెరను చూడాలి.

ఒక ఊళ్ళో మరో ఊరు

పార్కుల్లో ‘థీమ్’ అంటే వచ్చినవాణ్ణి వేరే చోట ఉన్నట్టు నమ్మించడం. చిలకలపూడిలో 1929లో భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి గుడి అలాంటి సంకల్పమే, కాకపోతే ఇక్కడ నమ్మకం నిజమైనది. మహారాష్ట్రలో భీమా నది ఒడ్డున ఉన్న పండరీపురానికి పోలేనివాడికి ఆ క్షేత్రం బందరు ఒడ్డునే దొరకాలి. అందుకే దీన్ని కీర పండరీపురం అన్నారు. నామస్మరణ, భజన గోష్ఠులు, కార్తీక ఏకాదశి నుంచి పున్నమి దాకా సాగే ఉత్సవం, ఆ పైన మంగినపూడిలో సముద్రస్నానం కలిసి ఆ వాతావరణాన్ని కడతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గోడలు చెయ్యలేని పని తాళాల చప్పుడు చేస్తుంది.

మంగినపూడి తీరాన దత్తరామేశ్వరం కూడా ఇలాంటిదే. అక్కడి పన్నెండు బావులు తమిళనాడు రామేశ్వరంలోని ఇరవై రెండు తీర్థాల్ని తలపిస్తాయి. భక్తి సంగతి అలా ఉంచితే, జనాన్ని నడిపించే దృష్టితో చూసినా ఇది గొప్ప ఏర్పాటు. ఒకే చోట స్నానమైతే అందరూ ఒకే చోట పడతారు. బావికీ బావికీ నడిచి తడవాల్సి వస్తే గుంపు తనంతట తానే సన్నటి వరుసగా సాగుతుంది. రామేశ్వరంలో రోజూ కనబడేది అదే.

హంసలదీవికి రంగుల బొమ్మలు అక్కర్లేదు. ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగిన కాకి హంస అయిందన్న కథే దాని అలంకారం. మాఘ పున్నమి నాడు సంగమానికి నడిచే ప్రతివాడూ ఆ కథలో తానూ ఒక పాత్రవుతాడు. మంచి పార్కు కోరుకునేది ఇదే: వచ్చినవాడు చూసిపోయేవాడుగా మిగలకూడదు.

వరుసకు ఒక లెక్క ఉంది

ఇక అసలు సంగతి, క్యూ. దీని గణితం 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పుట్టింది. ఎర్లాంగ్ అనే ఇంజనీరు కాల్స్ ఎంతసేపు ఆగుతాయో లెక్కగట్టాడు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇంకా తేలిక: వరుసలో ఉన్న మనుషుల సంఖ్యను నిమిషానికి ఎంతమంది బయటపడుతున్నారో దానితో భాగిస్తే ఎదురుచూడాల్సిన సమయం వస్తుంది. గర్భగుడి ముందునుంచి నిమిషానికి ముప్ఫైమంది కదులుతూ వరుసలో తొమ్మిది వందలమంది ఉంటే, చివరివాడికి అరగంట. పూజారి తీర్థం ఇచ్చే చోటు గర్భగుడి గుమ్మంలోనే ఉండి ఆ ముప్ఫై పదిహేనుకు పడిపోతే, గంట. తీర్థం పళ్ళేన్ని పది అడుగులు అవతలికి జరిపితే అరగంట మిగులుతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

పండరీపురంలో ఈ లెక్కకు చక్కటి జవాబుంది. స్వామి పాదాలు తాకి మొక్కే వరుస వేరు, దూరంనుంచి ముఖదర్శనం చేసుకుపోయే వరుస వేరు. ఎక్కువసేపు పట్టే పనినీ తక్కువసేపు పట్టే పనినీ ఒకే వరుసలో కలిపితే ఇద్దరూ నష్టపోతారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గర మొక్కులే జనాన్ని విడదీస్తాయి. పుట్టలో పాలు పోసేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, పిల్లలకు చెవులు కుట్టించేవాళ్ళు, సర్పదోష పూజ చేయించుకునేవాళ్ళు తలా ఒక వేళకు తలా ఒక చోట ఉంటారు. నాగుల చవితి నాడు మాత్రం అందరికీ ఒకే వేళ, ఒకే పుట్ట. ఏర్పాట్లకు అసలు పరీక్ష ఆ తెల్లవారుజామునే.

లెక్క ప్రకారం అరగంటైనా మనసుకు అది గంటన్నర అనిపించవచ్చు. డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో దీనికి కారణాలు వరసగా చెప్పాడు: పనిలేని సమయం పొడుగ్గా తోస్తుంది, ఎంతసేపో తెలియని నిరీక్షణ ఇంకా పొడుగు, అన్యాయంగా తోచే నిరీక్షణా పొడుగే, ఒంటరిగా నిలబడినా అంతే. తిరునాళ్ళవాళ్ళు ఈ వ్యాసం చదవలేదు, అయినా మొదటిదానికీ చివరిదానికీ మందు ఎప్పుడో కనిపెట్టారు. వరుస పక్కనే హరికథ పందిరి, మజ్జిగ పంచే కుర్రాళ్ళు, వెనకనుంచి అందుకునే భజన పాట. చుట్టాలంతా ఒకే ట్రాక్టరులో దిగుతారు కాబట్టి ఒంటరితనం ఉండదు. డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన దెయ్యాల కొంపలో పైకప్పు సాగిపోతున్నట్టు కనబడే గది ఒకటుంది. నిజానికి అది జనాన్ని కిందికి దించే లిఫ్టు. రవాణాను వినోదంగా మార్చారు. మన మజ్జిగ పందిరీ ఆ కోవలోదే, దెయ్యాలు లేకుండా.

రెండోదానికీ మూడోదానికీ మందు కనిపెట్టడంలోనే మనం వెనకబడ్డాం. ఎంతసేపు పడుతుందో తిరునాళ్ళలో ఎవరూ చెప్పరు. ఈ విషయంలో తిరుమల దారి చూపింది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తుల్ని హాళ్ళలో కూర్చోబెట్టి, తాగునీరూ పాలూ అన్నమూ అందించి, విడతలవారీగా వదలడంతో నిలబడే క్యూ కూర్చునే క్యూగా మారింది. ఆ పైన వేళ రాసిన టోకెన్లు వచ్చాయి. రద్దీని బట్టి లఘుదర్శనం, మహాలఘుదర్శనం అని దూరం పెంచి వేగం పెంచారు. డిస్నీ 1999లో తెచ్చిన ఫాస్ట్‌పాస్ చేసిందీ వేళ ఇచ్చి మనిషిని వరుసనుంచి విడుదల చెయ్యడమే.

న్యాయం సంగతి ఇంకా కష్టం. పక్క గేటులోంచి ఎవరో కారు దిగి నేరుగా లోపలికి పోవడం కనబడితే, రెండు గంటలు ఓపిగ్గా నిలబడిన ముసలమ్మకు ఆ క్షణంలోనే కాళ్ళు లాగుతాయి. ప్రత్యేక దర్శనం ఉండాలా వద్దా అన్నది వేరే వాదన. ఉంటే దాని దారి మామూలు వరుసకు కనబడకూడదు, దానికోసం మామూలు వరుసను ఆపకూడదు. ఈ రెండూ పాటిస్తే సగం గొడవలు పుట్టవు.

బాణం గుర్తు, మైకు గొంతు

సూచిక బోర్డు గురించి మంచి పార్కులు పాటించే సూత్రాలు మూడే. దారి చీలే చోటే బోర్డు ఉండాలి, చీలిపోయాక కాదు. నిలబడ్డ జనం తలల మీదుగా కనబడాలి. ఒక్క బోర్డుకు ఒక్క మాట. చదువురానివాళ్ళకూ పరభాషవాళ్ళకూ బొమ్మ చాలన్న సంగతి 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. చెప్పు బొమ్మ, కొళాయి బొమ్మ, బస్సు బొమ్మ గీస్తే దివిసీమ రైతుకైనా ఒడిశా యాత్రికుడికైనా ఒకటే.

మన ఫ్లెక్సీలు ఈ మూడింటికీ విరుద్ధం. పన్నెండడుగుల ఫ్లెక్సీలో పదకొండడుగులు నాయకుల ముఖాలు, చివర మూల ‘స్నానఘట్టానికి దారి’. బాణం గుర్తు ఎవరి భుజం వెనకో పడిపోతుంది. భక్తుడు ఆగి వెతుకుతాడు. వాడు ఆగితే వెనకవాడు ఆగుతాడు. ఇరుకు దారిలో తోపులాట ఇలాంటి చిన్న ఆగుళ్ళలోంచే పుడుతుంది.

బోర్డు ఓడిపోయినచోట తిరునాళ్ళను కాచేది మైకు. ‘ఎర్ర గౌను వేసుకున్న నాలుగేళ్ళ పాప మైకు పందిరి దగ్గరుంది, వాళ్ళ తాలూకువాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి’ అని రాత్రంతా చెప్పే ఆ గొంతు ఊరివాళ్ళ యాస తెలిసినది, అందరూ నమ్మేది. ఆ గొంతే ‘ఉత్తరం గేటు దగ్గర రద్దీగా ఉంది, దక్షిణం వైపు రండి’ అని కూడా చెప్పగలదు. చాలా చోట్ల ఆ మాట చెప్పించుకోవడం లేదు, అంతే.

బయటికి దారి ముందు

2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో ఆరుగురు పోయారు. రెండు చోట్లా జనం మూసిన గేటు ముందు గంటల తరబడి పేరుకున్నారు. రెండు చోట్లా గేటు తెరవగానే అందరూ ఒక్కసారి ముందుకు పడ్డారు. తిరుపతిలో వాళ్ళు కోరింది స్వామి దర్శనం కూడా కాదు, దర్శనం వేళ రాసిన కాగితం. టోకెను మంచిదే, కానీ టోకెను ఇచ్చే చోటుకూ క్యూ ఉంటుంది.

జనసమ్మర్దం మీద పరిశోధించిన జాన్ ఫ్రూయిన్ వంటివాళ్ళు చెప్పేది గుర్తుంచుకోదగ్గది. చదరపు మీటరుకు నలుగురైతే మనిషి తన కాళ్ళ మీద తానుంటాడు. ఆరేడుగురైతే గుంపు వరదలా కదులుతుంది, ఎవరి అడుగు వాళ్ళ చేతిలో ఉండదు. అప్పుడు పోయేది ఎక్కువగా తొక్కిడివల్ల కాదు, నిలబడే ఊపిరాడక. కాబట్టి ‘ఎవరో తోశారు’ అని గుంపును తిట్టడం తేలికే గానీ తప్పు. అంతమందిని అంత చోట్లోకి రానిచ్చినవాళ్ళదే బాధ్యత.

అందుకే అనుభవమున్నవాళ్ళు కాగితం మీద ముందు గీసేది బయటికి పోయే దారి. అది లోపలి దారి కంటే వెడల్పుండాలి, రెండూ ఎదురుపడకూడదు. రంగులరాట్నం, తినుబండారాల బజారు గుడికి అవతలివైపు పెడితే దర్శనమైనవాడు ఆ వెలుతురు చూసి తనంతట తానే జరుగుతాడు, పోలీసు లాఠీ ఎత్తనక్కర్లేదు. హంసలదీవిలాంటి చోట స్నానం చెయ్యడానికి తీరమంతా ఉంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో, ఒకే రోడ్డు మీద, ఒకే గంటలో. అక్కడ క్యూ వెయ్యాల్సింది మనుషులకు కాదు, వాహనాలకు.

2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తాయి. పులిగడ్డ నుంచి హంసలదీవి దాకా రేవులకు జనం తరలివస్తారు. ఏర్పాట్లంటే ఘాట్లకు టైల్సు, రోడ్లకు తారు అన్న ఆలోచన నుంచి ఇప్పుడే బయటపడాలి. ప్రతి రేవుకూ ఎంతమంది పడతారో లెక్క ముందుగా కట్టాలి. ఆ సంఖ్య దాటకముందే రెండు కిలోమీటర్ల అవతల, నీడా నీళ్ళూ ఉన్న చోట, జనాన్ని కూర్చోబెట్టి ఎంతసేపో చెప్పాలి. ప్రముఖుల స్నానాలకు వేరే రేవు, వేరే రోజు పెట్టాలి. ఈ పథకం గీసే బల్ల దగ్గర ఇంజనీర్లూ పోలీసు అధికారులతో పాటు పందిళ్ళు వేసే మేస్త్రీ, మైకు పందిరి మనిషి, ఏటా చెప్పుల స్టాండు నడిపేవాడు కూడా కూర్చోవాలి. జనం ఎక్కడ ఆగుతారో, ఎందుకు వెనక్కి తిరుగుతారో వాళ్ళకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు.