ఆధునిక నృత్యమున ఆహార్యము

భరతుడు ఆంగిక, వాచిక, సాత్త్వికములతో పాటు ఆహార్యమును కూడ అభినయములలో చేర్చెను. దానిని అలంకారమనక అభినయమనుట గమనింపదగినది. ఐనను నృత్యవిమర్శలలో ఆహార్యప్రసంగము తరచుగా ‘దీపములు, దుస్తులు బాగుండెను’ అను నొక్క వాక్యముతో ముగియుచున్నది. ఈ లోపమును గుర్తించుటకు పాశ్చాత్యుల ఆధునిక నృత్యము మంచి ఆధారమని మా తలంపు.

అమెరికా దేశీయురాలగు లోయీ ఫుల్లర్ 1892లో పారిస్ నగరమున తన నృత్యములను ప్రదర్శించెను. చేతులలోని కఱ్ఱల సాయమున విశాలమైన పట్టువస్త్రమును గాలిలో త్రిప్పుచు, దానిపై రంగురంగుల విద్యుత్కాంతిని ప్రసరింపజేయుట ఆమె పద్ధతి. తెల్లని వస్త్రము ఏ వెలుగు సోకిన ఆ వర్ణమునే తాల్చును. ఈ వేషరచనకు ఆమె 1894లో అమెరికాలో పేటెంటు హక్కును కూడ పొందెను. ఇచ్చట వెలుగు నర్తకిని చూపుటకు మాత్రమే గాక, తానే నృత్యమైనది. అద్భుతరసమునకు ఇది చాలును. కాని మానవహృదయ సంఘర్షణమునకు చాలదు.

ఆ కొఱతను తీర్చినది మార్తా గ్రాహమ్. 1930 నాటి ‘లామెంటేషన్’లో ఆమె బల్లపై కూర్చుండి, సాగెడు ఊదారంగు వస్త్రపు గొట్టములో ఇమిడి, అభినయించెను. మోచేతులు, మోకాళ్లు లోపలినుండి త్రోయగా ఆ వస్త్రము బిగియుచు, ముడుతలు పడుచుండును. భరతుడు కరుణమునకు కపోతవర్ణమును విధించెను, ఇచ్చటిది ఊదా. దుఃఖము వర్ణమునందు గాక, దేహమునకును వస్త్రమునకును గల పెనుగులాటయందు వ్యక్తమగుచున్నది.

1947 నాటి ‘నైట్ జర్నీ’లో ఈ ధర్మము మఱింత స్పష్టము. ఈడిపస్ తల్లియు, భార్యయు నగు జొకాస్టా కథ ఇది. రంగవస్తువులను కల్పించినవాడు శిల్పి ఇసాము నొగూచి. ఇందు త్రాడే ప్రధానవస్తువు. అది ఆమె చేతిలో మొదట కానవచ్చును. పిదప ఆమెను, ఈడిపస్‌ను పెనవేయును. తుదకు ఆమె ప్రాణము తీయును. బొడ్డుత్రాడు, పెండ్లిముడి, ఉరిత్రాడు — మూడును ఒక్కటియే. ఈ త్రాటిని తొలగించినచో కథార్థమే తెగిపోవును.

వెలుగు విషయమునను ఇదే న్యాయము. ఎదుటినుండి మాత్రమే పడు కాంతి దేహమును చదునుగా చూపును. ప్రక్కలనుండి పడునది అవయవముల గుండ్రదనమును, కండరముల బిగువును వెల్లడించును. ఎఱ్ఱని వెలుగులో పచ్చని చీర నల్లబడును. కావున దీపమును, దుస్తును వేర్వేఱుగా నిర్ణయించుట పొరపాటు.

ఆల్విన్ నికొలాయ్ 1953లో ‘మాస్క్స్, ప్రాప్స్ అండ్ మొబైల్స్’ ప్రదర్శించి, సాగుడు సంచులలో నర్తకులను మఱుగుపఱచెను. మనుష్యుని వస్తువుగా మార్చినాడని ఆయనపై ఆక్షేపణ కలదు. ఆ ఆక్షేపణను మేము పూర్తిగా అంగీకరింపజాలము. ముఖము కానరాకున్నను, ఆ సంచిని కదల్చునది మానవదేహమే. అది లేనిచో సంచి నేల కూలును.

ఇట్టి దృష్టి మనకు పరాయిది కాదు. భామాకలాపమున సత్యభామ ముఖము చూపకమున్నే తెరపై జడ వైచును. ఆ జడ ఆభరణము కాదు, సవాలు. కాగడాపై గుగ్గిలపు పొడి చల్లి మంటను ఎగజిమ్మించిన పూర్వులకు వెలుగు విలువ తెలియును.

నేడు నర్తకి వెనుక పెద్ద పెద్ద విద్యుత్తెరలు వెలుగుచున్నవి. వానిని నిందించుట మా ఉద్దేశము కాదు. పరిశోధక విద్యార్థులు ‘ఎంత అందముగా నున్నది?’ అని గాక, ‘ఇది ఏమి చేసినది? దీనిని తొలగించిన ఏమి పోవును?’ అని ప్రశ్నింపవలయును. ఏమియు పోనిచో అది అలంకారము. అర్థము పోయినచో అభినయము. తెర ఆడుచుండ నర్తకి దానికి అలంకారమైనచో, ఆహార్యము తన ధర్మమును తప్పినదనియే మేము భావించెదము.