కత్తికి రుద్దిన మందారం

మ్యాజిక్ ప్రదర్శన అయ్యాక బడిపిల్లలు చుట్టూ మూగి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “సార్, మంత్రాలు నిజమేనా?” లేవని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ కళ్లారా చూసినదాన్ని నోటిమాటతో కొట్టిపారేస్తే పిల్లలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే వాళ్ల మాస్టారినే పైకి పిలిచి నిమ్మకాయ కోయిస్తాను.

కోయగానే కత్తి అంచు వెంబడి ఎర్రగా కారుతుంది. ముందు వరస పిల్లలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు. పల్లెల్లో భూతవైద్యులు ‘గాలి దిగిపోయింది’ అంటూ చూపించే నెత్తురు ఇదే. అందులో ఉన్నదల్లా మందారం. ఎర్ర మందార రేకుల్ని కత్తికి రుద్ది ఆరనిస్తే పాత ఇనుము మీద మరకలా ఉండిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆ పూల రంగుకు పులుపు తగిలితే ఎర్రబడే గుణం ఉంది, నిమ్మరసం ఆ పని చేసిపెడుతుంది. తర్వాత రెండో కాయను వాళ్లు తెచ్చిన కత్తితోనే కోయిస్తాను. మామూలు రసమే వస్తుంది. ఎంత ఉపన్యాసం చెప్పినా కుదరని నమ్మకం ఆ రెండో కాయతో కుదురుతుంది.

పసుపు, సున్నం సంగతీ అంతే. రెండూ కలిపితే నీళ్లు ఎర్రబడతాయని తెలియని తెలుగిల్లు ఉండదు. కొత్త పెళ్లికూతురికి హారతి ఇచ్చేదీ, పసిబిడ్డకు దిష్టి తీసేదీ ఆ నీళ్లతోనే. అవే ఎర్రనీళ్లు తెల్లారేసరికి వాకిట్లో కనబడితే మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

పీర్ల పండక్కి, అమ్మవారి జాతరలకు గుండం తొక్కేవాళ్ల భక్తిని నేను శంకించను. కాళ్లు కాలకపోవడానికి కారణం బొగ్గులో ఉంది. బొగ్గు నుంచి అరికాలికి వేడి నెమ్మదిగా పాకుతుంది, పైన బూడిద పొర ఉంటుంది, అడుగు ఆనేది క్షణకాలమే. అంతే వేడెక్కిన ఇనప రేకు మీద ఎంతటి భక్తుడూ నడవలేడు. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఏ మంత్రమూ చదవకుండా నిప్పుల మీద నడిచి ఈ మాట రుజువు చేశారు.

సైన్సు తెలిసినంత మాత్రాన మ్యాజిక్ రాదు. నాణెం కుడిచేతిలోంచి ఎడమచేతికి మారిందనిపించాలంటే ముందు నా చూపు ఎడమచేతి మీదికి పోవాలి. నా కళ్లు ఎటు పోతే జనం కళ్లూ అటే. నాణెం కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో కండకు ఇరుక్కుని ఉంటుంది. అయినా ఆ చేయి బిగుసుకోకూడదు, ఖాళీ చేతిలా వదులుగా వేలాడాలి. ఏళ్ల తరబడి సాధనంతా ఆ వదులు కోసమే. సంతల్లో ఆడే గారడీవాళ్లలో ఈ విద్యలో ఆరితేరినవాళ్లున్నారు. ఆట చివర పొట్ట మీద చేయి వేసుకుని, ఇదంతా కూటికోసమేనని చెప్పే గారడీవాడంటే నాకెంతో గౌరవం. అదే కనికట్టు చూపించి తాయెత్తు అంటగడితే పచ్చి మోసం.

కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహం కోవూర్, మోసానికి తావులేని పరీక్షలో మహిమ చూపినవాళ్లకు లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరారు. 1978లో ఆయన పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు. అమెరికన్ మెజీషియన్ జేమ్స్ రాండీ పెట్టిన పది లక్షల డాలర్లూ అలాగే మిగిలిపోయాయి. నిజంగా మహిమ ఉన్నవాళ్లు ఒక్కరున్నా ఇన్నేళ్లలో బయటపడేవారు.

ఇది పిల్లలకు కాలక్షేపం కోసం చెప్పే కబురు కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మెదక్ పల్లెల్లో మనుషుల పళ్లు ఊడగొట్టారు, మంత్రం పలకలేకుండా చేయాలని. చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్లున్నాయి, నిలువునా తగలబెట్టిన ఊళ్లున్నాయి. కారణం చూస్తే ఏ బిడ్డకో తగ్గని జ్వరం, ఒట్టిపోయిన గేదె, అన్నదమ్ముల గట్టు తగాదా. మంత్రాలకు చింతకాయలు రాలవని సామెత చెప్పుకునే మనమే, మంత్రాలకు మనుషులు చస్తారని నమ్మి మనుషుల్ని చంపుతున్నాం.

మీ ఊళ్లో ఎవరి మీదైనా ఇలాంటి గుసగుస మొదలైతే పంచాయితీ దాకా పోనివ్వకండి. జబ్బు చేసినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరి మీద అనుమానం పడిందో వాళ్ల ఇంటికి వెళ్లి తోడుగా కూర్చోండి. ఆ రోజే 112కి ఫోన్ చేయండి.