మూడు పోర్షన్ల సిస్టమ్

మొన్న ఆదివారం పొద్దున ఒకాయన చైతన్యపురి మెట్రో దిగి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో ఒక సీడీ. దానిమీద మార్కర్ పెన్నుతో ‘నాన్న పుస్తకం – ఫైనల్’ అని రాసి ఉంది.

“నాలుగు డీటీపీ సెంటర్లు తిరిగిన సార్. ఎక్కడ పెట్టినా ఇంగ్లిష్‌ల పిచ్చిరాతలొస్తున్నయి. మీ దగ్గర పాత సిస్టమ్ ఉంటదని కొత్తపేటల చెప్పిన్రు.”

ఉంది. 2008లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్కో భాగం కొనుక్కొచ్చి బిగించుకున్న కోర్ టూ డ్యుయో. బల్ల కింద దుమ్ము తింటూ కూర్చుంటుంది. డిస్క్ ఒకసారి పోయింది, వేరేది వేశాను, 160 జీబీదే. బటన్ నొక్కగానే బొమ్మ రాదు. నల్లటి తెర మీద మూడు వరుసలు వస్తాయి: డెబియన్ లైనక్స్, విండోస్ 7, విండోస్ ఎక్స్‌పీ. పది సెకన్లలో ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే డెబియన్ దానంతటదే లేస్తుంది. “ఏం టిఫిన్ చెయ్యాలో నేను కూడా ఇన్నిసార్లు అడగను” అంటుంది మా ఆవిడ.

ఒక్క సిస్టమ్‌లో మూడు ఓఎస్‌లు ఎందుకని అడిగినవాళ్లకి ఇన్నేళ్లుగా రకరకాల జవాబులు చెప్పాను. సరదా అన్నాను, పొదుపు అన్నాను. ఇంజనీరింగ్ పిల్లల ముందు కాస్త గొప్పకి కూడా పోయాను. అసలు జవాబు ఆ సీడీలో ఉంది.

మన తెలుగు కంప్యూటర్లో రెండు కాలాలుగా ఉంది. అను ఫాంట్ల కాలం ఒకటి, యూనికోడ్ కాలం ఒకటి. అనులో టైప్ చేసిన ఫైల్ లోపల తెలుగు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు ఉంటాయి. ఆ ఫాంటు వాటికి తలకట్టు, కొమ్ము, వత్తు అనే బొమ్మలు తొడిగి తెలుగులా చూపిస్తుంది. ఫాంటు తీసేస్తే వేషం ఊడిపోతుంది. నాలుగు డీటీపీ సెంటర్లలో ఆయనకు కనిపించిన పిచ్చిరాతలు అవే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్, పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఏళ్ల తరబడి అనులోనే, పేజ్‌మేకర్‌లోనే తయారయ్యాయి. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్, ఏడోది, 2001లో వచ్చింది. దాని ఫైళ్లను తెరవగలిగిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6తోనే ఆ అలవాటు మానేసింది. కాబట్టి ఎక్స్‌పీ నాకు పాత ఓఎస్ కాదు. పాత తెలుగు చదవడానికి పెట్టుకున్న కళ్లజోడు.

ఇక కట్టుబడి సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు తిరిగినవాళ్లకి ఈ విద్య సగం వచ్చినట్టే. ఇక్కడ ఇల్లు అద్దెకివ్వరు, పోర్షన్ ఇస్తారు. ముందు పోర్షన్, వెనక పోర్షన్, పైన రేకుల గది. గోడలు వేరు, గేటు మాత్రం ఒకటే. హార్డ్ డిస్క్ కూడా అంతే. పాత పద్ధతి డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లే గేటు. అందులో 446 బైట్లు సిస్టమ్‌ని లేపే కోడ్‌కి, 64 బైట్లు పోర్షన్ల పట్టికకి, చివరి రెండు బైట్లు ముద్రకి. ఒక్కో పోర్షన్ వివరం రాయడానికి 16 బైట్లు కావాలి, అంటే నాలుగు పోర్షన్లకి మించి పట్టవు. 1983లో ఐబీఎం పీసీ డాస్ 2.0తో వచ్చిన లెక్క ఇది. హార్డ్ డిస్క్ పది మెగాబైట్లుంటే గొప్ప అనుకునే రోజుల్లో నాలుగు చాలనుకున్నారు. ఐదోది కావాలంటే ఒకదాన్ని ‘ఎక్స్‌టెండెడ్’ అని ప్రకటించి దాని లోపల లాజికల్ గదులు కట్టుకోవాలి. మునిసిపాలిటీ ప్లాన్‌లో లేని రేకుల గది అన్నమాట. నా డెబియన్ కాపురం అక్కడే. లైనక్స్‌కి ఆ పట్టింపు లేదు, లాజికల్‌లో కూడా హాయిగా ఉంటుంది. విండోస్‌కి మాత్రం లేవడానికి ప్రైమరీ గది ఒకటి ఉండి తీరాలి.

చేరే వరస ముఖ్యం. విండోస్ ముందు, లైనక్స్ తర్వాత. విండోస్‌లలో మళ్లీ పాతది ముందు, కొత్తది వెనక. ఎందుకంటే విండోస్ ఏదైనా చేరేటప్పుడు ఆ 446 బైట్లలో తన కోడ్ రాసేసుకుంటుంది. వెనక పోర్షన్లో ఇంకెవరో కాపురముంటున్నారని చూడదు. లోపల మనుషులు, సామాన్లు అన్నీ భద్రం. గేటుకి మాత్రం కొత్త తాళం. లైనక్స్ పోయిందని ఏడ్చినవాళ్లలో ఎక్కువమంది లైనక్స్ పోలేదు, పోయింది తాళంచెవే. లైవ్ సీడీ పెట్టి గ్రబ్‌ని మళ్లీ ఎక్కిస్తే పదినిమిషాల పని. గ్రబ్ 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన వాచ్‌మన్. 446 బైట్లలో తానెక్కడ పడతాడు, అందుకే గేటు దగ్గర పిలుపుగంట ఒకటి కట్టి, తాను వెనకున్న ఖాళీ సెక్టార్లలో పడుకుంటాడు. వాడికి ముందు లీలో అని ఇంకొకడుండేవాడు. కెర్నల్ మారిన ప్రతిసారీ వాడికి చెప్పాలి. మర్చిపోతే సిస్టమ్ తెరమీద ఎల్, ఐ అని తన పేరు సగం పలికి బిగుసుకుపోయేది. ఆ సగం పేరు చూస్తూ గడిపిన రాత్రులు నాకు కొన్ని ఉన్నాయి.

అంతకంటే చెడ్డ రాత్రి 2006లో. అప్పట్లో ఉబుంటు సీడీలు అడిగితే పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. 700 ఎంబీ దించుకోవడం నెట్ సెంటర్లో అయ్యే పని కాదు కాబట్టి ఆ కవరు కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసేవాణ్ణి. 6.06 వెర్షన్ వచ్చింది. అంతకు ముందు నీలిరంగు తెర మీద బాణం మీటలతో చేసే పనంతా ఇందులో మౌస్‌తో అయిపోతుంది. నేను పనిచేసే డీటీపీ సెంటర్లో ఓనరు లేని రాత్రి, రెండు మెషిన్లలో ఒకదాంట్లో పెట్టాను. డిస్క్‌ని ఏం చేయమంటావని అడిగింది. చదవలేదు. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టాను. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, ఒక రిటైర్డ్ టీచర్‌గారి 140 పేజీల శతకవ్యాఖ్య, మొత్తం ఊడ్చుకుపోయాయి. మిగిలినవాటికి సీడీ బ్యాకప్ ఉంది, ఆ పుస్తకానికి లేదు. పదకొండు రాత్రులు కూర్చుని మళ్లీ టైప్ చేశాను. ప్రూఫులు తేవడం ఆలస్యమైందని టీచర్‌గారు కోప్పడ్డారు. కరెంటు సమస్య సార్ అన్నాను. ఆ రోజుల్లో అది ఎవరైనా నమ్మే మాటే.

అప్పటినుంచి నా అలవాటు ఒకటే. పార్టిషన్ చేసే ముందు కాగితం మీద గీసుకుంటాను. ఏ గది ఎన్ని జీబీ, ఏది ఏ ఫైల్ సిస్టమ్, ఏది ముట్టుకోకూడదు. ఎక్స్‌పీకి 20 జీబీ, విండోస్ 7కి 50, డెబియన్‌కి 40, కొంచెం స్వాప్, మిగిలింది ఫ్యాట్32లో ఉమ్మడి వసారా. వసారాలో పెట్టిన ఫైలు ముగ్గురికీ అందుతుంది. ఒక్క ఫైలు 4 జీబీ దాటితే మాత్రం ఫ్యాట్32 తీసుకోదు. పుస్తకాలకి అంత అవసరం రాదు. తర్వాత యూపీఎస్ బ్యాటరీ చూస్తాను. పార్టిషన్ సైజు మారుస్తుండగా కరెంటు పోతే, గోడ జరుపుతుండగా మేస్త్రీ పారిపోయినట్టే.

అన్నీ సరిగ్గా కుదిరాక కూడా ఒక చిన్న పేచీ మిగిలేది. డెబియన్ వాడి ఎక్స్‌పీలోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయేది. రాత్రి తొమ్మిదైతే మధ్యాహ్నం మూడున్నర. బ్యాటరీ మార్చాను, మళ్లీ అంతే. తర్వాత తెలిసింది: బోర్డు మీదున్న గడియారంలో విండోస్ మన టైమే దాస్తుంది, లైనక్స్ గ్రీనిచ్ టైము దాస్తుంది. ఇద్దరి మధ్య తేడా సరిగ్గా మన దేశం గ్రీనిచ్‌కి ముందున్నంత. లైనక్స్‌కి లోకల్ టైము పాటించమని ఒక్క కమాండ్ ఇస్తే సరిపోతుంది. నేను చాలాకాలం ఇవ్వలేదు. ఎక్స్‌పీలో ఉన్నప్పుడు మధ్యాహ్నం అనిపించడం బాగుండేది, పనికి ఇంకా బోలెడు టైముంది అన్నట్టు.

మా మేనల్లుడు ఇదంతా చూసి నవ్వుతాడు. “మామా, డెబియన్‌ల వర్చువల్‌బాక్స్ పెట్టి అండ్ల ఎక్స్‌పీ వేస్తే అయిపాయె గదా. రీస్టార్ట్ కొట్టుడెందుకు?” నూటికి తొంభైపాళ్లు వాడన్నది నిజం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తర్వాత మామూలు మరమ్మతులు లేవు, దాన్ని కిటికీలో బంధించి ఉంచడమే క్షేమం. నేను కూడా నెట్ వైరు దానికి తగిలించను. మిగిలిన పదిపాళ్లలో ఒకటి నా పాత లేజర్ ప్రింటర్. లావుపాటి ప్యారలల్ కేబుల్‌ది. బటర్ పేపర్ మీద అది తీసే ప్రింటు ప్లేటుకి బాగా వస్తుందని ప్రెస్సువాళ్లు ఇప్పటికీ అంటారు. రెండోది వేళ్లు. ఎక్స్‌పీలో నా వేళ్లు అను వాళ్ల ఆపిల్ కీబోర్డు మీద ఆడతాయి. డెబియన్‌లో ఇన్‌స్క్రిప్ట్ మీద. ఎడమచేతి కింద గుణింతాలు, కుడిచేతి కింద హల్లులు, ‘డి’ మీట మీద పొల్లు. ఒకదాంట్లో అక్షరాన్ని గీస్తాం, ఒకదాంట్లో పలుకుతాం. ఒకే తెరమీద రెండు కిటికీల్లో ఉంటే నా వేళ్లు తికమక పడతాయి. రీస్టార్ట్ అయ్యే నిమిషమున్నరలో అవి భాష మార్చుకుంటాయి. దీన్ని మేనల్లుడికి చెబితే ఇంకా నవ్వుతాడని చెప్పలేదు.

వాడికి నవ్వే హక్కుంది, ఎందుకంటే వాడి బాధలు వేరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి గడువు తీరింది. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. చుట్టూ హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివే పిల్లల దగ్గర అంతకంటే పాత ల్యాప్‌టాప్‌లు బోలెడు. “అన్నా, విండోస్ అట్లనే ఉంచి పక్కన లైనక్స్ వేస్తవా” అని వాడి దగ్గరికి వస్తారు. వీటిలో పాత గేటు ఉండదు. యూఈఎఫ్ఐ, జీపీటీ పద్ధతి. 128 పోర్షన్లు కట్టుకోవచ్చు. గేటు కోసం విడిగా ఒక చిన్న గది, అందులో ఎవరి తాళం వారి కొక్కేనికి. విండోస్ వచ్చి మిగతావారి తాళం తీసి పారేయడం తక్కువ. కానీ కొత్త చిక్కులున్నాయి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అయినట్టు నటిస్తుంది గానీ నిజానికి సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డ్రైవ్‌లో లైనక్స్ ఏదీ రాయడానికి ఒప్పుకోదు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి గేటు దగ్గర ఏమైనా కదిలితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఏ మెయిల్ ఐడీలో ఉందో, ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఏమిటో ఆ పిల్లలకి గుర్తుండదు. అందుకే మావాడు స్క్రూడ్రైవర్ కంటే ముందు ఆ కీ అడుగుతాడు. పరీక్ష నెలరోజుల్లో ఉన్నవాళ్లవైతే అసలు ముట్టుకోడు. ఆ ఒక్క విషయంలో నాకంటే వాడే పెద్దమనిషి.

ఈ కాలమ్ నేను డెబియన్‌లోనే రాస్తాను. ఇందులో తెలుగు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు కావాలంటే సెట్టింగుల్లో ఒక పెట్టెలో టిక్కు పెట్టి, ఇన్‌స్టాల్ సీడీ మళ్లీ దూర్చాలి. అప్పుడుగానీ గౌతమి ఫాంటు పలకదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు చేసి ఉచితంగా ఇచ్చిన పోతన ఫాంటు చేతికొచ్చాక నాకు గౌతమి అవసరం తగ్గింది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు డెబియన్ మీద మెనూలు కూడా తెలుగులో ఉండే ఓఎస్ తయారుచేశారు. కొన్నాళ్లు వాడాను. ‘ఫైల్’ అన్నచోట ‘దస్త్రం’ చూసి మా ఆవిడ రెవెన్యూ ఆఫీసా ఇది అంది.

ఆదివారం నాటికి వస్తే, సీడీ గీతలు పడి ఉంది. డ్రైవ్ రెండుసార్లు గర్రుమని మూడోసారి చదివింది. ఎక్స్‌పీ లేచింది, పేజ్‌మేకర్ తెరిచాను, 212 పేజీలు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి పేజీ మొత్తం పెదవులు కదుపుతూ చదివాడు. పీడీఎఫ్ చేసి, వసారాలో పెట్టి, డెబియన్లోకి వచ్చి ఆయన ఫోన్‌కి పంపాను. సంతోషపడ్డాడు. తర్వాత పైనున్న భూతద్దం గుర్తు నొక్కి తన ఊరి పేరు తెలుగులో కొట్టాడు. ఏమీ దొరకలేదని వచ్చింది. అదే పేజీలో ఊరి పేరు కంటికి ఎదురుగా ఉంది.

“ఉన్నది గద సార్, లేదంటదేంది?”

అక్షరాల కింద ఉన్నది తెలుగు కాదని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. నాకూ ఎప్పుడూ నచ్చలేదు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, మార్చిస్తానన్నాను. మార్చాక చూస్తే కొన్నిచోట్ల వత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి, కొన్నిచోట్ల కొమ్ములు ఎగిరిపోయాయి. పంక్తి పంక్తీ అసలుతో పోల్చి దిద్దాలి. దానికోసం పీడీఎఫ్ అచ్చు తీసి పక్కన పెట్టుకున్నాను.

వచ్చే ఆదివారం వస్తానన్నాడు. నేను ముప్పై ఒకటో పేజీలో ఉన్నాను.