తడి పలక మీది వెలుగు

గ్వాలియర్ కోటలో మాన్‌మందిర్ అనే రాజభవనం. కొండ అంచున వరసగా నిలిచిన గుండ్రని బురుజులు, వాటి నెత్తిన గుమ్మటాలు, వెనక తెల్లని ఆకాశం. 1882 ప్రాంతంలో రాజా దీన్‌దయాళ్ తీసిన ఈ ఫొటో ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు మాట ఆగిపోతుంది. బురుజు వంపు తిరిగేచోట వెలుగు నీడలోకి ఎంత మెల్లగా దిగుతుందంటే, ఆ రాతిని అరచేత్తో తడుముతున్నట్టే ఉంటుంది. గోడ బరువు తెలుస్తుంది. దాన్ని మోస్తున్న కొండ ఓర్పూ తెలుస్తుంది.

ఈ ఫొటో తీసిన మనిషి వృత్తి వేరు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన దీన్‌దయాళ్ రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోర్ ప్రజాపనుల శాఖలో చేరారు. ఎస్టిమేట్లు వేయడం, ప్లాన్లు గీయడం ఆయన ఉద్యోగం. 1874 ప్రాంతంలో, ముప్పయ్యో ఏట, ఇష్టం కొద్దీ కెమెరా పట్టారు.

ఆ రోజుల్లో ఆ ఇష్టం చాలా కష్టం అడిగేది. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, నాలుగు మూలలకూ సమంగా పాకేట్టు వంచి తిప్పాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, ఆ తడి ఆరకముందే చీకటి గుడారంలోకి తెచ్చి కడగాలి. అంతా కలిపి పది పదిహేను నిమిషాల గడువు. ఇందోర్ ఉన్న మాళవం ఎండల్లో ఆ గడువు ఇంకా కుంచించుకుపోతుంది. పలక ఆరిందా, బొమ్మ పోయినట్టే. సెలవురోజు సరదాకి మొదలుపెట్టిన పనికి ఇంత నిష్ఠ ఎవరు పెట్టుకుంటారు? ప్రేమించినవాళ్ళే పెట్టుకుంటారు.

కావ్యం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం అని ఆలంకారికుడు మమ్మటుడు మూడు చెప్పాడు. చెప్పి, ఇవి మూడు హేతువులు కావు, మూడూ కలిసి ఒకే హేతువు అని ముడివేశాడు. లోకాన్నీ శాస్త్రాలనూ పరిశీలించగా వచ్చేది నిపుణత. దీన్‌దయాళ్ ఫొటోలు చూశాకే నాకు ఆ ముడి లోతు తెలిసింది. రాయికి ఇంత, సున్నానికి ఇంత, కూలికి ఇంత అని ఏళ్ళ తరబడి లెక్క కట్టిన మనిషి కోట ముందు నిలబడితే, ఆ కట్టడం బరువు ఎక్కడ దిగుతుందో ఆయన కంటికి ముందే తెలుసు. కెమెరా ఎక్కడ నిలపాలో ఆ తెలివిడే చెప్పింది. ఆయన ఫొటోల్లో గోడలు తూలవు, స్తంభాలు నిటారుగా నిలుస్తాయి, చూపు గుమ్మం దాటి లోపలి చీకటిదాకా నడుస్తుంది. డ్రాయింగు బల్ల దగ్గర నేర్చిన గీతే ఇక్కడ వెలుగుతో తిరిగి గీసుకుంది.

అలాగని అంతా పాత విద్యతో గడవలేదు. మాన్‌మందిర్ గోడల మీద నీలం, పసుపు పెంకుల్లో బాతులు, ఏనుగులు, అరటిచెట్లు పొదిగారు. ఆనాటి గాజుపలకకు బాగా కనపడే రంగు నీలం ఒక్కటే. పసుపు, ఎరుపు దానికి దాదాపు చీకటి. కాబట్టి ఫొటోలో నీలం తెల్లబడుతుంది, పసుపు నల్లబడుతుంది, ఆకాశం రాయని కాగితంలా మిగులుతుంది. తన కన్ను చూసేది మరచి పలక చూసేట్టు చూడడం ఎన్ని పలకలు పాడైతే అబ్బుతుంది! అబ్బాక మాత్రం ఆ ఖాళీ ఆకాశమే ఆయనకు వరమైంది. దాని మీద గుమ్మటాల అంచులు ఉలితో చెక్కినట్టు తేలాయి. రంగు ఎక్కడా లేదు, అయినా ఆ గోడ రంగుల గోడేనని మనసుకు తెలుస్తూనే ఉంటుంది. ఆలంకారికులు ధ్వని అన్నది ఇదే.

ఆ వ్యాపకమే 1880ల్లో ఆయన చేత ఉద్యోగం విడిపించి హైదరాబాదు చేర్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పెట్టుకుని ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఫొటోగ్రాఫరుకు ఆ మాట దక్కడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. ఆయన స్టూడియోలో 1892లో పరదా స్త్రీల కోసం జనానా విభాగం కూడా వెలిసింది. 1905లో ఆయన కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

నాకు మాత్రం ఆ వేల పలకలకన్నా ముందటి ఒక క్షణం మీద మనసు. నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తే, కెమెరా వెనక గరుకుగాజు మీద కట్టడం తలకిందులుగా కనపడుతుంది. పునాది నుంచి పైకి గీయడం అలవాటైన డ్రాఫ్ట్స్‌మన్‌కు తొలిసారి ఒక భవనం ఆకాశంలోంచి వేలాడుతూ కనపడి ఉంటుంది. తాను అంగుళం అంగుళం కొలవగల వస్తువే అప్పుడే పుట్టినట్టు తోచి ఉంటుంది. మాన్‌మందిర్ బురుజు మీద మెల్లగా జారే ఆ వెలుగును చూస్తుంటే, ఆ తొలి ఆశ్చర్యపు తడి ఇంకా ఆరలేదనిపిస్తుంది.