సుద్దముక్క చేతికొచ్చిన రోజులు

ఆదిలాబాద్ పట్నంలోని సర్కారు బడిలో ఒకటో తరగతి. ఇళ్లల్లో మరాఠీ, ఉర్దూ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్ల ముందు, రెండేళ్ల డీఎడ్‌లో భాగంగా బోధనాభ్యాసానికి వచ్చిన ఛాత్రోపాధ్యాయురాలు. ఆ తొలి రోజుల్లో ఆమె చేతికి, కంటికి, గొంతుకు అబ్బే పనితనం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. పిల్లలకు పూర్తిగా వీపు తిప్పకుండా ఓరగా నిలబడి రాయాలి. అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో తన చేయి అడ్డం రాకుండా చూపాలి. రాస్తూనే వెనక వరుసలో గుసగుస వినాలి. ప్రశ్న ముందు వేసి, కాసేపు ఆగి, ఆ తర్వాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఆ కాసేపు ఆగడం ఎంత కష్టమో! ‘నేను జెప్త టీచర్’ అంటూ అరడజను చేతులు లేస్తాయి. ఆమె చూపు మాత్రం చెయ్యెత్తని పిల్ల మీద ఉండాలి. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది, మంచిదే. కానీ ఆ పిల్ల నోరు విప్పించేది టీచరే. నీళ్ల కుండ బొమ్మ గీసి, ‘మీ ఇంట్ల దీన్నేమంటరు బిడ్డా?’ అని పక్కన కూర్చుని అడుగుతుంది. తన ఇంటి మాట బడిలో చెల్లుతుందని తెలిశాక ఆ పిల్ల తెలుగు మాటను కూడా ధైర్యంగా పలుకుతుంది.